జేబులో మూడు, సంచిలో ఒకటి

మొన్న సాయంత్రం మెరీనాలో గాంధీ విగ్రహం దాటి ఇసుకలో నడుస్తుంటే ఒక పెద్దావిడ మామిడికాయలు కోస్తూ కనిపించింది. ఇక్కడి వాళ్లు కిళిమూక్కు అంటారు, మనకి తోతాపురి. బీచ్‌లో ఇప్పుడు ఎవరి చేతిలో చూసినా తెల్లగా మెరిసే స్టీలు చాకులే. ఆవిడ చేతిలో మాత్రం ఇనుప చాకు ఉంది. బ్లేడు నల్లబడి, అంచు ఒక్కటే తళతళలాడుతోంది. ముక్క కోసి ఉప్పూకారం చల్లి నా చేతికిచ్చింది. నోటి దాకా తీసుకెళ్లేసరికి ఆ వాసన తగిలింది. సొన వాసనొక్కటే కాదు. పులుపు తగిలిన ఇనుము వాసన. ఎన్నేళ్లయిందో అది పీల్చి.

అది మా నాయన కుడి జేబు వాసన.

నాయన పోయి చాలా కాలమైంది. ఆయన గురించి రాయాలని ఎప్పుడు కూర్చున్నా ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసేది కాదు. ఆ మామిడి ముక్క దారి చూపించింది. చాకుల దగ్గర మొదలుపెడతాను.

* * *

నాయన ఒంటి మీద ఎప్పుడూ మూడు చాకులుండేవి. నాలుగోది భుజాన వేసుకునే గుడ్డ సంచిలో. ఆ రోజుల్లో మద్రాసులో జేబులో పేనాకత్తి పెట్టుకునే మగవాళ్లు చాలామందే. ఒకటి ఉండడం మామూలే. మూడు పెట్టుకుని, దేని పని దానితోనే చేసే మనిషిని మాత్రం నేను నాయన ఒక్కడినే చూశాను.

చొక్కా జేబులో, పెన్ను పక్కన, చిన్నది. తాతది. తాత నాయుడుపేటలో బియ్యం మిల్లు గుమాస్తా. ఆయన దగ్గర్నుంచి నాయనకి వచ్చిన ఆస్తి దాదాపు అదే. షెఫీల్డ్‌లో తయారైన రాడ్జర్స్ చాకు. రెండు బ్లేడులు, కొమ్ము పిడి. పెద్ద బ్లేడు మొదట్లో ఒక నక్షత్రం, దాని పక్కన శిలువ గుర్తు ఉండేవి. సాన పట్టీ పట్టీ బ్లేడు సన్నబడినా ఆ గుర్తులు చెరగలేదు. పెన్సిళ్లకి, దారాలకి, ఉత్తరాల కవర్లకి, గోళ్లకి అదే.

ప్యాంటు కుడి జేబులో తిండి చాకు. చెక్క పిడి, ఒకే బ్లేడు, చేతి వెడల్పు కన్నా కాస్త పొడుగు. మూర్ మార్కెట్‌లో పాత సామాన్ల దుకాణంలో బేరమాడి కొన్నాడు. మామిడికాయ, జామకాయ, దోసకాయ, కొబ్బరి, వాటికి తప్ప దాన్ని తీసేవాడు కాదు. వాడగానే కడిగి, తుడిచి, మడత దగ్గర ఒక్క చుక్క నువ్వుల నూనె వేసేవాడు. తినే వస్తువు కోసేది కాబట్టి మిషన్ నూనె వెయ్యకూడదు.

ఎడమ జేబులోది మొరటు పనులకి. మద్రాసు ప్యారిస్ కార్నర్‌లో హార్డ్‌వేర్ కొట్టులో కొన్నది. కరెంటు పని వాళ్లు వైర్ల తొడుగు వలిచే రకం, మందంగా, కొస కొంచెం వంగి ఉండేది. పురికొస, గోనె, సైకిల్ ట్యూబు ముక్క, డబ్బా మూత, చెప్పు కింద ఇరుక్కున్న మేకు, ఇవన్నీ దాని పనులు.

మూసినప్పుడు మూడింటికీ మూడు చప్పుళ్లు. మడిచే చాకు పిడి లోపల వీపు వెంబడి ఒక స్ప్రింగు పట్టీ ఉంటుంది. బ్లేడు తెరిచినా, మూసినా కదలకుండా నొక్కి పట్టేది అదే. ఆ పట్టీ బిగువును బట్టి చప్పుడు మారుతుంది. రాడ్జర్స్‌ది సన్నటి 'టిక్'. తిండి చాకు పట్టీ కాస్త వదులు, 'టప్' అని మెత్తగా పడేది. మొరటు చాకు మూస్తే పక్క పోర్షన్‌లోకి వినిపించేది. వంటింట్లో ఉన్న అమ్మ ఆ చప్పుడు విని "ఏం తెంపారు?" అని అడిగేది.

* * *

మేముండేది మద్రాసు సాలిగ్రామంలో. ఒకే కాంపౌండులో వరసగా పోర్షన్లు, మధ్యలో బావి. మా పక్కన తమిళ మామీ, ఆ పక్కన విజయా వాహిని స్టూడియోలో లైట్లు పట్టే ఆయన, చివర గుంటూరు నుంచి వచ్చిన దర్జీ కుటుంబం. ఏదైనా కొయ్యాల్సి వస్తే అందరూ మా గుమ్మం ముందుకే వచ్చేవాళ్లు.

"సార్, కత్తి ఇరుక్కా?"

నాయన ఎప్పుడూ వెంటనే ఇచ్చేవాడు కాదు. "దేనికి?" అనేవాడు. చాకు లోభంతో కాదు. దేనికో తెలిస్తేనే కదా ఏ జేబులో చెయ్యి పెట్టాలో తెలిసేది. కొన్నాళ్లకి అందరికీ అలవాటైపోయింది. మామీ గుమ్మంలోకి రాకముందే "లెటర్ సార్" అనేది, చొక్కా జేబులోంచి తాత చాకు వచ్చేది. దర్జీ ఆయన "పురికొస నాయనా" అనేవాడు. పిల్లలం మేము "జామకాయ" అని అరిచేవాళ్లం.

చేతిలోంచి చేతిలోకి ఇవ్వడం మాత్రం లేదు. ఉప్పు, మిరపకాయల్లాగే కత్తీ నేరుగా చేతికివ్వకూడదని మా అవ్వ గట్టిగా చెప్పేది. నాయనకి ఆ నమ్మకం ఎంతుందో తెలియదు గానీ, చాకు మూసి గట్టు మీద పెట్టేవాడు. అవతలి వాళ్లు తీసుకునేవాళ్లు. పని అయ్యాక వాళ్లూ మూసి అక్కడే పెట్టాలి. తెరిచిన చాకు ఎవరి చేతుల్లోంచీ ఎవరి చేతుల్లోకీ వెళ్లకపోవడంతో మా కాంపౌండులో ఆ చాకులతో ఎవరి వేలూ తెగలేదు.

ఎండాకాలం పన్రుట్టి పనసకాయలు బండ్ల మీద వచ్చేవి. అందరూ కలిసి ఒకటి కొనేవాళ్లు. కాయని రెండుగా చీల్చడం మామీ కత్తిపీట పని. ఆ తర్వాత నాయన తిండి చాకు తీసి, బ్లేడుకి రెండు వైపులా, తన వేళ్లకి నువ్వుల నూనె రాసుకుని కూర్చునేవాడు. నూనె లేకపోతే పనస బంక పట్టుకుని వదలదు. బొడ్డు చుట్టూ చాకు తిప్పి, పీచు నరికి, తొన చిట్లకుండా బయటికి తీసేవాడు. మేం చుట్టూ చేరి కూర్చునేవాళ్లం. తొలి తొన ఎప్పుడూ మామీ అత్తగారికి. ఆవిడకి పళ్లు లేవు. ఆవిడ తొన మాత్రం నాయన సన్నటి పోగులుగా చీల్చి ఆకులో పెట్టేవాడు.

* * *

ఇక సంచిలో ఉండే నాలుగోది.

నాయన పని చేసింది కోడంబాక్కం వైపు ఒక తెలుగు ప్రెస్సులో, బైండింగ్ సెక్షన్‌లో. తెలుగు పుస్తకాలు మద్రాసులో చాలా అచ్చయ్యే కాలం అది. నవలలు, పంచాంగాలు, సినిమా హాళ్ల దగ్గర అమ్మే పాటల పుస్తకాలు. ఉగాదికి ముందు పంచాంగాల పని పడితే నాయన ఇంటికొచ్చేసరికి మేం నిద్రపోయేవాళ్లం. సెలవుల్లో అన్నం క్యారియర్ తీసుకుని నేనే వెళ్లేదాన్ని. మిషన్ల మోత గుమ్మం దాకానే. బైండింగ్ గదిలోకి వెళ్తే ఇంకో రకం చప్పుడు. మడత మీద వెదురుబద్ద జారే 'స్‌స్' మనే శబ్దం, ఫారాలు (పేజీలు అచ్చయిన పెద్ద కాగితాలు) బల్ల మీద తట్టి సరిచేసే చప్పుడు, కుట్టే దారానికి మైనం పట్టించేటప్పుడు వచ్చే చిన్న కీచు. ఆడవాళ్లు నేల మీద బారుగా కూర్చుని ఫారాలు మడిచేవాళ్లు. వాళ్ల మాటలు సగం తెలుగు, సగం తమిళం.

ఆ గదిలో ఒక మూల పొయ్యి మీద జిగురు ఉడుకుతుండేది. మైదాపిండి నీళ్లలో కలిపి, అందులో మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, వేసి, అడుగంటకుండా కలుపుతూ ఉడికిస్తారు. మైలుతుత్తం లేకపోతే మైదా జిగురుకి పురుగు పడుతుంది, బూజు వస్తుంది, పుస్తకం వీపు రెండు వర్షాకాలాలు కూడా ఆగదు. మద్రాసు గాలి తేమకి మరీను. అయితే మైలుతుత్తం విషం. చూడ్డానికి నీలంగా పటికబెల్లంలా ఉంటుంది, పిల్లల్ని దాని దరిదాపులకి రానిచ్చేవాళ్లు కాదు.

అట్ట మీద కాలికో గుడ్డ అంటించాక పొంగిన జిగురు గీకడానికి, మూలల్లో గుడ్డ కత్తిరించడానికి నాయనకి ఒక చాకు ఉండేది. అదే నాలుగోది, జిగురు కత్తి. పొట్టి బ్లేడు, కొస వాలుగా కోసినట్టుండేది. దాని బ్లేడు మిగతా వాటిలా నల్లగా ఉండేది కాదు. అంచు పొడుగునా ఎర్రగా, రాగి పూత పూసినట్టు ఉండేది. అది పూత కాదు, నిజంగా రాగే. చాలా ఏళ్ల తర్వాత మా కెమిస్ట్రీ మాస్టారు ఇనప మేకుని కాపర్ సల్ఫేట్ నీళ్లలో ముంచి, కాసేపాగి ఎర్రబడిన మేకు పైకి తీసి క్లాసంతటికీ చూపించారు. ఇనుము కరిగి నీళ్లలోకి పోతుంది, ఆ చోటులో రాగి వచ్చి కూర్చుంటుంది. అందరూ ఆశ్చర్యపోయారు. నేను మాత్రం అది నాయన సంచిలో చూసి ఉన్నాను.

ఒకసారి ప్రెస్సులో కొత్తగా చేరిన కుర్రాడు టీ వేళ జామకాయ కొయ్యడానికి బల్ల మీదున్న ఆ కత్తి తీశాడు. నేనక్కడే ఉన్నాను. నాయన గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు లేచి వెళ్లి వాడి మణికట్టు పట్టుకున్న విసురుకి జామకాయ దొర్లుకుంటూ పోయింది.

"అది జిగురు కత్తిరా అబ్బయ్యా. నోటి దాపుకి రాకూడదు."

జామకాయ ఏరి, కుళాయి దగ్గర కడిగించి, కుడి జేబులోంచి తిండి చాకు తీసి తనే నాలుగు ముక్కలు చేసి ఇచ్చాడు. ఆ సాయంత్రమే జిగురు కత్తి పిడికి ఎర్ర దారం చుట్టాడు. బైండింగ్ దారమే, మైనం పట్టించి. అప్పట్నుంచి దాన్ని తోలు ఒరలో పెట్టి, ఒరని రేకు డబ్బాలో పెట్టి, డబ్బాని సంచిలో విడిగా పెట్టేవాడు. అన్నం క్యారియర్ ఆ సంచిలో ఎన్నడూ పెట్టలేదు. అది వేరే చేత్తో మోసేవాడు.

నాయన చాకులన్నిటి వెనకా ఉన్నది ఇదేనని నాకిప్పుడు అనిపిస్తుంది. సోకు కోసమో, సరదా కోసమో మూడూ నాలుగూ పెట్టుకోలేదు. ఒకరి నోట్లోకి వెళ్లేదాన్ని కోసే చాకు, పుస్తకాన్ని కాపాడే విషాన్ని గీకే చాకు ఒకటి కాకూడదు. కాగితం కోసే అంచుకి మామిడి పులుపు తగలకూడదు, తగిలితే మరక కాగితం మీద పడుతుంది. తాడు కోసిన అంచుతో పెన్సిల్ చెక్కితే ముల్లు విరుగుతుంది. ఇవన్నీ ఎవరో ఒకరి కోసం పడే జాగ్రత్తలే.

* * *

మా వీధిలోకి సాన పట్టేవాడు వచ్చేవాడు. సైకిల్‌కి స్టాండు వేసి, సీటు ముందు బిగించిన సానరాయి పెడలు తొక్కి తిప్పుతాడు. "సాణ పిడిక్కిరదూ..." అని చివర సాగదీసి అరిచే అరుపు వినగానే ఆడవాళ్లు కత్తిపీటలు, కత్తెరలు పట్టుకుని బయటికొచ్చేవాళ్లు. నిప్పురవ్వలు ఎగురుతుంటే పిల్లలం నోళ్లు తెరుచుకుని చూసేవాళ్లం.

అమ్మ కత్తిపీట ఆయన దగ్గరికి వెళ్లేది, నాయన చాకులు వెళ్లేవి కావు. వేగంగా తిరిగే రాయి మీద సన్నటి బ్లేడు వేడెక్కితే అంచు మెత్తబడి, ఎంత పదును పెట్టినా నిలవదు. ఆదివారం మధ్యాహ్నం, అన్నం తిన్నాక, బావి గట్టు మీద నాయన తన రాయి పెట్టుకునేవాడు. నీళ్లు చల్లుకుంటూ, బ్లేడుని రాయికి ఎంత వాలుగా ఆనించాడో ఆ వాలు చివరిదాకా మారకుండా, ముందుకీ వెనక్కీ. రెండో వైపూ అన్నిసార్లే. బొటనవేలి గోరు మీద అంచు ఆనించి చూసేవాడు. జారిపోతే ఇంకా పదును రాలేదు, గోటిని పట్టుకుని నిలబడితే వచ్చినట్టు. తర్వాత పాత తోలు బెల్టు కిటికీ ఊచకి కట్టి, దాని మీద బ్లేడు వెనక్కి లాగుతూ అంచు మీద మిగిలిన బరక తీసేవాడు. చివరి పరీక్ష ప్రెస్సు నుంచి తెచ్చిన పలచటి కాగితం ముక్క. గాల్లో వేలాడదీసి పట్టుకుంటే చాకు బరువుకే తెగాలి.

పన్నెండో పదమూడో ఏట నాకూ రాయి పట్టడం నేర్పాడు. తమ్ముడికి ఓపిక లేదు, నాకుంది. మొదట మొరటు చాకు, తర్వాత తిండి చాకు. తాత చాకు జోలికి చాలా రోజులు రానివ్వలేదు.

ఆయుధపూజ రోజున నాలుగూ సెలవు తీసుకునేవి. మద్రాసులో ఆ పండగ ప్రెస్సుల్లో, వర్క్‌షాపుల్లో చూడాలి. మిషన్లన్నీ తుడిచి, గంధం, కుంకుమ పెట్టి, పూలదండలు వేసి, బొరుగులు, శనగపప్పు, అరటిపళ్లు పంచి, గుమ్మం ముందు బూడిద గుమ్మడికాయ పగలగొట్టేవాళ్లు. ఇంట్లో పీట మీద నాలుగు చాకులూ తెరిచి, నా పుస్తకాల పక్కన పెట్టేవాడు నాయన. మర్నాడు విజయదశమి దాకా వాటిని ముట్టుకోకూడదు. ఆ ఒక్క రోజూ నాయన చెయ్యి అలవాటుగా జేబులోకి వెళ్లి ఖాళీగా తిరిగొచ్చేది. ఒకసారి ఆ పూటే మామీ ఊరి నుంచి పార్సెల్ వచ్చింది. కుట్లన్నీ తెంపాలి. నాయన వరండాలో కూర్చుని అరగంట సేపు సూదిమొనతో ఒక్కో కుట్టే విప్పాడు గానీ చాకు తియ్యలేదు.

* * *

వేసవికి నాయుడుపేట వెళ్లేవాళ్లం, గూడూరు ప్యాసింజర్‌లో. గుమ్మిడిపూండి, తడ, సూళ్లూరుపేట. తడ దాటగానే బయట మాటలు తెలుగులోకి మారేవి, అమ్మ మొహమే మారిపోయేది. ముంజలవాళ్లు ఎక్కేవాళ్లు. బుట్టల్లో దోసకాయలు, జామకాయలు. పెట్టె మొత్తంలో నాయన దగ్గర చాకు ఉందని ఎలా తెలిసేదో తెలిసిపోయేది. ఒక్కొక్కరే వచ్చేవాళ్లు. అందరికీ ఒకటే ప్రశ్న, "దేనికి?"

ఒకసారి కొత్తగా పెళ్లయిన జంట ఎక్కారు. రేకుపెట్టెకి కొత్త కొబ్బరితాడు బిగించి కట్టారు, ముడి నీళ్లు తగిలి ఇంకా బిగుసుకుపోయింది. లోపల్నుంచి ఏదో కావాలి. ఆ అబ్బాయి చాకు అడిగాడు, తాడు కోసేద్దామని. నాయన మొరటు చాకు తీశాడు గానీ తాడు కొయ్యలేదు. బ్లేడు మూసి ఉంచి, పిడి చివర ముడిలోకి గుచ్చి, అటూ ఇటూ కుదిపి, ఒక్కో పోగు సడలించి ముడి విప్పాడు. "కోస్తే దిగేటప్పుడు మళ్లీ దేంతో కడతారు?" అన్నాడు. ఆ అమ్మాయి పెట్టె తెరిచి, సర్దుకుని, మళ్లీ అదే తాడుతో కట్టింది. వాళ్లు గూడూరులో దిగాల్సినవాళ్లు. మేం ముందే దిగిపోయాం. చాకు ఉన్నవాడు దాన్ని తెరవకుండా చేసిన పని కాబట్టేమో, నాకది బాగా గుర్తుండిపోయింది.

* * *

మూర్ మార్కెట్ 1985లో కాలిపోయింది. నాయన తిండి చాకు కొన్న చోటు, నాకు పాత పుస్తకాలు కొనిచ్చిన చోటు. మర్నాడు సెంట్రల్ దాకా వెళ్లి చూసొచ్చాడు. ఇంటికొచ్చి ఏమీ మాట్లాడలేదు, ఆ చాకు తీసి నూనె పెట్టి తుడిచాడు.

తమ్ముడు కాలేజీ రోజుల్లో బర్మా బజార్ నుంచి ఒక ఎర్ర స్విస్ చాకు తెచ్చాడు. బర్మా నుంచి తిరిగొచ్చిన మనవాళ్ల కోసం బీచ్ స్టేషన్ దగ్గర వెలిసిన ఆ దుకాణాల్లో ఫారిన్ సరుకు అంతా దొరికేది, అసలుతో పాటు నకలూ. తమ్ముడిది అసలుదే. రెండు బ్లేడులు, కత్తెర, స్క్రూడ్రైవర్, డబ్బా మూత తీసేది, బిరడా తీసే మెలితిరిగిన మేకు, చిన్న చిమటా. వాడు ఒక్కోటీ తెరిచి చూపిస్తుంటే నాయన కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. స్ప్రింగు పట్టీ ఒకటే పిడికి రెండు వైపులా ఉన్న పరికరాల్ని ఎలా పట్టుకుంటోందో వెంటనే కనిపెట్టాడు. "ఇది చేసినవాడు గొప్పవాడు" అన్నాడు.

ఆ గొప్పవాడి సంగతి నేను తర్వాత చదివాను. కార్ల్ ఎల్సెనర్. 1884లో స్విట్జర్లాండ్‌లోని ఇబాఖ్ అనే ఊళ్లో చాకుల పని మొదలుపెట్టాడు. 1891లో తన దేశపు సైన్యానికి చాకులు ఇచ్చాడు. నాయన కనిపెట్టిన ఆ రెండు వైపుల స్ప్రింగు కిటుకుతో 1897లో ఆఫీసర్ల చాకు తెచ్చాడు. కంపెనీకి వాళ్లమ్మ విక్టోరియా పేరు పెట్టుకున్నాడు, విక్టోరినాక్స్ అన్న పేరులో సగం ఆవిడదే.

తమ్ముడు నాయనకి అదే ఇచ్చేద్దామనుకున్నాడు, ఇన్ని మొయ్యక్కర్లేదని. నాయన తీసుకోలేదు. "అన్నీ ఒక్క పిడిలో ఉంటే ఒకదానికి అంటింది అన్నిటికీ అంటుతుందిరా. పొద్దున జిగురు గీకి మధ్యాహ్నం పండు కొయ్యగలనా?" అన్నాడు. తమ్ముడు నొచ్చుకోకూడదని నాయనే, "నీ పనికి ఇదే సరి, సైకిల్ మీద తిరిగేవాడివి" అని కూడా అన్నాడు. నిజమే, తమ్ముడు ఇప్పటికీ అదొక్కటే వాడతాడు. వాడి పనులకి అది సరిపోతుంది. నా ఓటు మాత్రం నాయనకే.

* * *

నాకు ఒక తెలుగు పత్రికలో పేస్టప్ ఆర్టిస్టుగా ఉద్యోగం వచ్చింది. మొదటి జీతం రోజున నాయన తాత చాకు తెచ్చి నా ముందు పీట మీద పెట్టాడు. అవ్వకి నచ్చలేదు, "ఆడపిల్లకి కత్తేందిరా" అంది. "దాని పని కత్తి పనే కదమ్మా" అన్నాడు నాయన.

నిజంగానే కత్తి పని. ఫోటో టైప్‌సెట్టింగ్ మిషన్‌లోంచి అక్షరాలు బ్రోమైడ్ కాగితం మీద పొడుగాటి పట్టీలుగా వచ్చేవి. వాటిని కోసి, వెనక రబ్బర్ సొల్యూషన్ రాసి, పేజీ షీటు మీద అంటించాలి. షీటు మీద గీతలు లేత నీలం పెన్సిల్‌తో గీసేవాళ్లం, ఆ రంగు కెమెరాకి పడదు కాబట్టి. ఆ పెన్సిళ్లు చెక్కడానికి తాత చాకు. బ్రోమైడ్ కొయ్యడానికి సర్జికల్ బ్లేడు, పదకొండో నంబరు, సూదిగా కొస ఉండేది. ఆస్పత్రి సామాన్లు అమ్మే కొట్టులో డబ్బా కొనుక్కునేదాన్ని.

అచ్చుకి వెళ్లే ముందు తప్పు దొరికితే మళ్లీ టైప్‌సెట్టింగ్‌కి పంపే టైము ఉండేది కాదు. పాత బ్రోమైడ్ ముక్కల్లో వెతికి, అదే సైజు మ ఒత్తు పట్టుకుని, బ్లేడు కొసతో చుట్టూ కోసి, ఆవగింజంత ముక్కని కొసకే గుచ్చి ఎత్తి, 'అమ' అని పడ్డచోట కింద దింపి 'అమ్మ' చేసేదాన్ని. ఊపిరి బిగబట్టి. తుమ్మితే ఒత్తు పోయినట్టే. దీర్ఘాలు, సున్నాలు కూడా ఒక అగ్గిపెట్టెలో దాచుకునేదాన్ని. నాయన ఒకసారి ఆఫీసుకి వచ్చి నా వెనక నిలబడి చూశాడు. సొల్యూషన్ గీకడానికి నేను పాత బ్లేడు వేరుగా పెట్టుకోవడం చూసి ఏమీ అనలేదు, నా భుజం మీద చెయ్యేసి వెళ్లిపోయాడు.

తర్వాత కంప్యూటర్‌లోనే పేజీలు కూర్చే డీటీపీ వచ్చింది. పత్రికలు ఒక్కొక్కటీ హైదరాబాదు వెళ్లిపోయాయి. నాయన పని చేసిన ప్రెస్సు మూతపడింది. విజయా స్టూడియో స్థలంలో ఇప్పుడు మాల్ ఉంది. అమ్మ వంటింట్లో కత్తులన్నీ స్టెయిన్‌లెస్ స్టీలువి అయిపోయాయి. ఆ స్టీలు కూడా 1913లో షెఫీల్డ్‌లోనే పుట్టిందట, తాత చాకు పుట్టిన ఊళ్లోనే. అది పులుపుకి నల్లబడదు, వాసన రాదు.

నేనిప్పటికీ చేతిసంచిలో రెండు పెట్టుకుంటాను, ఒకటి కాగితానికి, ఒకటి పండుకి. మెట్రో ఎక్కే రోజుల్లో ఇంట్లో వదిలేస్తాను. విమానానికైతే పెద్ద బ్యాగులో వేస్తాను. ఆఫీసుల్లో అమ్మాయిలు పార్సెల్ విప్పడానికి తాళంచెవితో, పళ్లతో పెనుగులాడుతుంటే చూడలేను. అడక్కపోయినా "దేనికి?" అంటాను.

ఆ మధ్య ట్రిప్లికేన్‌లో థీసిస్‌లు బైండింగ్ చేసే కొట్టుకి పాత పుస్తకమొకటి తీసుకెళ్లాను. అక్కడున్న అబ్బాయి చేతిలో కటరు, బ్లేడు మొద్దుబారితే ముక్క విరిచి పారేసే రకం. 1956లో జపాన్‌లో కనిపెట్టారు దాన్ని, ఇప్పుడు లోకమంతా అదే. పదును పెట్టే పనే లేదు. ఆ అబ్బాయి బల్ల మీద రెండు కటర్లున్నాయి, ఒకదానికి పచ్చ టేపు చుట్టి ఉంది. ఎందుకని అడిగాను. "అదు పేస్టుక్కు అక్కా. ఇదు పేపరుక్కు" అన్నాడు. వాడికి ఎవరు నేర్పారో అడిగాను. వాళ్ల నాన్నట. ఆ రోజు కొట్టులో అవసరానికి మించి కూర్చున్నాను.

నాయన పోయాక చాకులు పంచుకున్నాం. తిండి చాకు తమ్ముడు తీసుకున్నాడు, వాడి భార్య మామిడికాయ పచ్చడి ముక్కలకి అదే వాడుతుంది. మొరటు చాకు దర్జీ ఆయన కొడుక్కి ఇచ్చాం, అడిగాడు కాబట్టి. తాత చాకు నా దగ్గరే. జిగురు కత్తి ఎవరికీ ఇవ్వలేదు. దాని ఎర్ర దారం వదులైపోతే మళ్లీ చుట్టాను. నా తర్వాత ఆ డబ్బా ఎవరి చేతికి వెళ్తుందో తెలియదు కాబట్టి, లోపల ఒక కాగితం మీద తెలుగులోనూ తమిళంలోనూ రాసి పెట్టాను: ఇది జిగురు కత్తి, మైలుతుత్తం తగిలింది, తినేవి కొయ్యొద్దు.